యుద్ధనగరమున అపరాధ పరిశోధనము



ఒక మహానగరములో వేలకొలది జనులు బాంబులచే మరణించుచుండగా, అందొక మరణము మాత్రము హత్యయని తెలియుట యెట్లు? తెలిసినను, అంతటి నాశనము నడుమ ఆ యొక్క ప్రాణమును గూర్చి విచారించు తీరిక యెవరికుండును? ఈ ప్రశ్నలకు సమాధానముగా లండను నగరమున నడచిన యొక పరిశోధనమును నేడు మీకు వివరింతును.

1940 సెప్టెంబరు మొదలు 1941 మే వరకు జర్మను విమానములు లండనుపై బాంబులు కురిపించెను. రాత్రులందు వీథిదీపములు వెలుగలేదు. మంటలను కనిపెట్టుటకై కట్టడములయొద్ద కావలివారు నియమితులైరి. 1940 అక్టోబరులో వాక్సాలు పేటలోని యొక క్రైస్తవ ప్రార్థనామందిరముపై బాంబుపడి అనేకులు చనిపోయిరి. 1942 జూలై 17వ తేదీన కూలీలు ఆ శిథిలములను తొలగించుచు, నేలమాళిగలో నొక రాతిపలకను ఎత్తగా, దానిక్రింద మానవకళేబరము కనబడెను. బాంబునకు బలియైనవారిలో మరియొకరని వారు తలచిరి. హంతకుడు కోరినదియు నదియే.

దూరమున పొగను జూచి నిప్పున్నదని యూహించుట అనుమానప్రమాణము. కాని మంచును జూచి పొగయని భ్రమించినచో ఆ యనుమానము చెడును. దానినే మన తార్కికులు హేత్వాభాసమనిరి. బాంబుపడిన చోట శవమున్నది గనుక బాంబే చంపినదనుటయు నట్టిదే.

గైస్ ఆసుపత్రి వైద్యుడు కీత్ సింప్సన్ ఆ భ్రమకు లోనుగాలేదు. కళేబరమునకు తలయు, కాలుసేతుల భాగములును కోసివేయబడియుండెను. ప్రేలుడు చీల్చును గాని కోయదు. శవమును రాతిపలక క్రింద పూడ్చదు. దేహముపై సున్నము చల్లియుండెను. కంఠములోని మృదులాస్థి కొన విరిగి, అచ్చట రక్తము గడ్డకట్టియుండెను. ప్రాణముండగా గొంతు నులిమిన జాడ యది.

చంపబడినది యెవరు? వయస్సు నలువది యేబదుల నడుమనున్న స్త్రీ. ఎత్తు ఐదడుగులకు కొంచెమెక్కువ. గర్భాశయమున కణితి కలదు. డిటెక్టివ్ ఇన్స్పెక్టర్లు హాటన్, కీలింగ్ అనువారలు ఈ గుర్తులతో కనబడకపోయినవారి పట్టికలను వెదకిరి. రేచెల్ డాబ్కిన్ అను నామె 1941 ఏప్రిల్ 11వ తేదీనుండి కనబడుటలేదని ఆమె సోదరి మరునాడే ఫిర్యాదు చేసియుండెను. ఆమె భర్త హారీ వేరుగా నివసించుచు, భరణము చెల్లింపక చెరసాలకు సైతము పోయినవాడు. అతడు ఆ ప్రార్థనామందిరము ప్రక్క కట్టడమునకే మంటల కావలివాడు! ఆమె మాయమైన కొలదిదినములకే ఆ నేలమాళిగలో మంటలు రేగినను, కావలివాడైన యతడు ఎవ్వరికిని తెలుపలేదు.

సందేహము రుజువు కాజాలదు. దంతవైద్యుడు రేచెల్ పండ్లకు చేసిన చికిత్సను పుస్తకమున వ్రాసియుంచెను. కపాలపు పైదవడ దానితో సరిపోయెను. ఆసుపత్రి దస్తరములలో ఆమె కణితి ముచ్చటయు దొరకెను. ఆమె ఛాయాచిత్రముపై కపాలపు ఛాయాచిత్రమును పరచి చూడగా రెండును కలిసినవి. ఒక్కొక్కటి చాలకపోవచ్చును, అన్నియు నొక్కరినే చూపినప్పుడు కాదనుట యెట్లు?

సున్నము శవమును దహించునని హంతకుడు తలచియుండవచ్చును. అది చల్లారిన సున్నము. పురుగును చేరనీయక, కంఠములోని గాయమును చెడకుండ కాపాడినది! మాయజేయుటకు చల్లినదే సాక్ష్యమును నిలిపినది.

1942 నవంబరులో ఓల్డు బెయిలీ న్యాయస్థానమున జూరీవారు ఇరువది నిమిషములలో అతడు దోషియని తీర్పుచెప్పిరి. 1943 జనవరి 27వ తేదీన అతడు ఉరితీయబడెను.

ఆ నెలలలో లండనున మరణించినవారు సుమారు 20,000 మంది. ఆ సంఖ్యలో మరియొకటి కలిపి ఊరకుండుట యెంత సులభము! కాని అట్లు ఊరకున్నచో, బాంబులు కూల్చినవి గోడలే గాక ధర్మమును గూడ అగును. తన తోబుట్టువు ఏమైనదని యొక స్త్రీ యడిగినది. ఆ ప్రశ్న నగరముపై అగ్ని కురియుచున్న దినములలో అడిగినదైనను, దానికి ఉత్తరమీయవలసిన బాధ్యత పోలేదని ఆ పరిశోధకులు తలచిరి. అపరాధ పరిశోధనమునకు తెలివి సాధనము మాత్రమే. ఒక్కొక్క ప్రాణమును వేరువేరుగా లెక్కింపవలెనను పట్టుదలయే దానికి మూలము.