కణం నుంచి చెరువు దాకా ఒకే ప్రశ్న

కళాశాలలో జీవశాస్త్రం చదివే విద్యార్థికి ఎదురయ్యే ప్రశ్నలు పైకి వందల రకాలుగా కనిపించినా, నిదానంగా పరిశీలిస్తే వాటిలో రెండు తెగలే తేలతాయి: తెలిసిన నిర్వచనాన్ని తిరిగి రాయమనేవి కొన్ని, ఒక పదార్థం ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయిందో వెతికి చెప్పమనేవి కొన్ని. ఇంటర్మీడియట్ బైపీసీలో 2, 4, 8 మార్కుల ప్రశ్నలుగా చాలాకాలం సాగిన పద్ధతిలో మొదటి తెగదే పైచేయి. వృక్షశాస్త్రానికి ఒక పుస్తకం, జంతుశాస్త్రానికి మరొకటి ఉండటం, కణం ఒక అధ్యాయంలోనూ, ఆవరణ వ్యవస్థ, అంటే జీవులూ వాటి చుట్టూ ఉన్న నీరు, నేల, గాలీ కలిసి నడిచే మొత్తం, ఇంకెక్కడో మరో అధ్యాయంలోనూ ఉండటం వల్ల, డిగ్రీలో చేరేనాటికి ఈ రెండింటికీ సంబంధం ఉందన్న స్పృహ చాలామందిలో మిగలదు. ఆ సంబంధాన్ని పట్టి చూపగల ప్రశ్న ఒకటి దాదాపు 400 ఏళ్లుగా ఉంది. చెట్టుకు ఆ బరువంతా ఎక్కడి నుంచి వస్తుంది?

బ్రస్సెల్స్‌కు చెందిన వైద్యుడు యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ 200 పౌన్ల ఎండిన మట్టిని తొట్టిలో పోసి, అందులో 5 పౌన్ల విల్లో మొక్కను నాటి, నీళ్లు మాత్రమే పోస్తూ అయిదేళ్లు పెంచాడు. చివరికి చెట్టు 169 పౌన్లు దాటింది, మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది సుమారు 2 ఔన్సులే. కనుక చెట్టంతా నీటి నుంచే పుట్టిందని ఆయన నిర్ణయించాడు. ఆయన మరణానంతరం 1648లో వెలువడిన గ్రంథంలో ఈ వివరాలున్నాయి. మట్టి చెట్టుగా మారదని నిరూపించినంత వరకు ఆ ప్రయోగానికి వంక పెట్టలేము. విచిత్రమేమంటే, బొగ్గును కాల్చినప్పుడు వెలువడే వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, ప్రత్యేకంగా గుర్తించినవాడు కూడా ఆయనే. తన చెట్టును పెంచింది ప్రధానంగా ఆ వాయువేనన్న ఊహ మాత్రం ఆయనకు రాలేదు.

జవాబు కుదురుకోవడానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది. మొక్క బరువు పెరగడంలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కూ నీటికీ రెండింటికీ పాలుందని 1804లో జెనీవా శాస్త్రవేత్త నికొలా థియొడోర్ ద సొస్యూర్ తూచి చూపాడు. ఆకు అడుగున ఎక్కువగా ఉండే సన్నని పత్రరంధ్రాల గుండా ఆ వాయువు లోపలికి చేరి, కణంలోని హరితరేణువుల్లో, సూర్యకాంతి శక్తితో, చక్కెరగా మారుతుంది. కిరణజన్య సంయోగక్రియ అనేది ఇదే. ఈ క్రియలో బయటికి వచ్చే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌ది కాదని, చీలిన నీటిదని 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ పరమాణువులను గుర్తుగా వాడి తేల్చింది. ఎండిన కలప బరువులో ఇంచుమించు సగం కార్బనే, ఆ కార్బన్ అంతా గాలిది.

ఇంతవరకు చెప్పగలిగిన విద్యార్థి కూడా తడబడే చోటు ఒకటుంది. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయని చాలామంది రాస్తారు. ఇది తప్పు, పైగా తర్వాతి పాఠాలన్నింటినీ చెడగొట్టే తప్పు. శ్వాసక్రియ అంటే చక్కెరను ఆక్సిజన్ సాయంతో విడగొట్టి శక్తిని రాబట్టడం; అది వేరు నుంచి చిగురు వరకు ప్రతి సజీవ కణంలో, పగలూ రాత్రీ, ఆగకుండా సాగుతుంది. రాత్రిపూట ఆగేది కిరణజన్య సంయోగక్రియ ఒక్కటే. శ్వాసక్రియలో పోయే బరువు కూడా చాలావరకు గాలిలోకే పోతుంది: మనిషి శరీరంలో 10 కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గానూ, మిగతాది నీరుగానూ బయటపడుతుందని 2014లో ఒక లెక్క ప్రచురితమైంది.

శ్వాసక్రియలో విడుదలైన శక్తిలో కొంత మైటోకాండ్రియాలో ఏటీపీ అనే అణువులోకి చేరుతుంది. కండరం బిగియడానికైనా, వేరు లవణాలను పీల్చుకోవడానికైనా కణం వాడుకునేది దాన్నే. ఆ అణువును 1929లో కండరంలో గుర్తించినవారిలో, జర్మనీకి చెందిన కార్ల్ లోమన్‌తో పాటు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. తెలుగు విద్యార్థులకు ఆయన పేరు మందుల చరిత్రలో తెలిసినంతగా ఈ పాఠంలో తెలియకపోవడం లోటే.

సుబ్బారావు పుట్టిన భీమవరం నేడు చేపల, రొయ్యల చెరువులకు పేరుపొందింది, ఈ ప్రశ్నకు అంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు. మబ్బుపట్టిన రోజుల తర్వాత తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, ఎందుకు? నీటికి పచ్చరంగునిచ్చే వృక్షప్లవకాలు, రైతులు ప్లాంక్టన్ అని పిలిచే సూక్ష్మమైన మొక్కలు, పగలు ఆక్సిజన్ విడుదల చేస్తాయి గనుక నీటిలో కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నం దాటాక గరిష్ఠంగా ఉంటుంది. పొద్దు గుంకాక ఉత్పత్తి ఆగుతుంది, కాని ప్లాంక్టన్ శ్వాస, చేపల శ్వాస, అడుగున మిగిలిన మేతనూ మలాన్నీ కుళ్లబెట్టే బ్యాక్టీరియా శ్వాస ఆగవు. రాత్రంతా తరిగి తరిగి సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ కనిష్ఠానికి చేరుతుంది. ముందురోజు ఎండ లేకపోతే రాత్రి మొదలయ్యేనాటికే నిల్వ తక్కువ. అందుకే రాత్రిపూట నీటిలోకి గాలిని కలిపే ఏరేటర్లు తిరుగుతాయి, కరెంటు పోతే రైతు జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతాడు. పచ్చదనం ఎక్కువైతే మేలనుకునే విద్యార్థికి, చిక్కటి పచ్చనీళ్లే రాత్రి ప్రమాదమని ఇక్కడ అర్థమవుతుంది.

ఇలాంటి లెక్కనే, ఆక్సిజన్‌కు బదులు శక్తికి, ఒక సరస్సు మొత్తం మీద వేసినవాడు రేమండ్ లిండెమన్. అమెరికాలోని మిన్నెసోటాలో సీడార్ బాగ్ సరస్సును ఏళ్ల తరబడి పరిశీలించి ఆయన రాసిన వ్యాసాన్ని సమీక్షకులు మొదట తిరస్కరించారు. అది 1942లో అచ్చయ్యేనాటికి, 26 ఏళ్లకే, ఆయన కన్నుమూశాడు. ఒక పోషక స్థాయి నుంచి, అంటే ఆహారపు మెట్టు నుంచి, పైదానికి 10 శాతం శక్తి చేరుతుందని ఆయన పేరుమీద వల్లెవేస్తారు గాని, ఆ సరస్సులో ఆయన లెక్కకట్టినవి వేరు: సూర్యకాంతిలో మొక్కలు పట్టుకున్నది 0.10 శాతం, మొక్కల నుంచి శాకాహారులకు 13.3 శాతం, వాటి నుంచి మాంసాహారులకు 22.3 శాతం. పది అనేది ఉజ్జాయింపు మాత్రమే, ప్రకృతి పెట్టుకున్న నియమం కాదు. పది అని రాసిన విద్యార్థిని మిగతా తొంభై ఎటు పోయిందని కూడా అడగాలి. కొంత ఎవరూ తినకుండా మిగిలిపోయింది, కొంత తిన్నా అరగక మలంగా పోయింది, మిగిలింది ఆ మెట్టులోని జీవుల కణాలు జరిపిన శ్వాసక్రియలో వేడిగా మారింది. మొదటి రెండూ విచ్ఛిన్నకారులైన బ్యాక్టీరియాకూ శిలీంధ్రాలకూ ఆహారమవుతాయి. మూడోది ఏ జీవికీ తిరిగి అందదు.