ఓడకు ముందు ఉక్కు

మర్రిగూడ నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాలి. అయితే సాగర్ రోడ్డు మీదుగా హైదరాబాద్ చేరే దారికి దగ్గరలోనే, కంచన్‌బాగ్‌లో, మన యుద్ధనౌకల ఉక్కుకు రూపమిచ్చిన రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది.

ఓడ ఉక్కు గట్టిగా ఉంటే చాలదు, చలికి పెళుసెక్కకూడదు. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ ఒడ్డున కట్టి ఉండగానే, అలజడి లేని నీళ్లలో, నడుమకు విరిగింది. వెల్డింగ్ లోపం దగ్గర మొదలైన పగులు చల్లటి పలకల్లో ఎక్కడా ఆగలేదు. అందుకే ఉక్కుముక్కకు గాటు పెట్టి, సున్నా డిగ్రీలకు బాగా దిగువకు చల్లబరిచి, లోలకంలా ఊగే సుత్తితో కొట్టి చూస్తారు. విరగడానికి ముక్క ఎంత ఎక్కువ శక్తి తీసుకుంటే అంత నమ్మకం. దీన్నే చార్పీ పరీక్ష అంటారు.

విక్రాంత్ విమానవాహక నౌకకు రష్యా ఉక్కు అందడం కష్టమైనప్పుడు, డీఎంఆర్‌ఎల్, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి డీఎంఆర్ 249 ఉక్కు రకాలను సిద్ధం చేశాయి. కొచ్చి షిప్‌యార్డ్‌లో ఆ నౌకకు అడుగు వెన్నెముక అయిన కీల్ వేసింది 2009 ఫిబ్రవరిలో.

ఉక్కు కుదిరినా లెక్క కుదరలేదు. విక్రాంత్‌కు 2003లో ప్రభుత్వం మంజూరు చేసిన వ్యయం 3,261 కోట్ల రూపాయలు. 2014 నాటికి అది 19,341 కోట్లయింది. 2016 నివేదికలో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇంకో సంగతి బయటపెట్టింది: ఓడ 2018లో వస్తుందని నౌకాదళం అంటుంటే, 2023లో ఇస్తామని షిప్‌యార్డ్ చెప్పింది. డబ్బు పెరగడం కన్నా ఇదే పెద్ద లోపం. కట్టించేవారికీ కట్టేవారికీ గడువు ఒకటి కానప్పుడు ఆలస్యాన్ని దేనితో కొలవాలి? చివరికి నౌక 2022 సెప్టెంబరు 2న సేవలో చేరింది.

ఇలాంటి నౌకకు రక్షణ శాఖ ఆమోదం, కేబినెట్ భద్రతా సంఘం మంజూరు ముగిశాక, రోజువారీ కాపలా షిప్‌యార్డ్‌లోనే మకాం వేసే నౌకాదళ పర్యవేక్షణ బృందానిది. నాణ్యత నుంచి సముద్ర పరీక్షల దాకా వాళ్లు వెంటే ఉంటారు.

ఇప్పుడు పరీక్ష విశాఖది. 2010 నుంచి రక్షణ శాఖ కింద ఉన్న అక్కడి హిందుస్థాన్ షిప్‌యార్డ్‌తో 2023 ఆగస్టులో దాదాపు 19,000 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం, ఆహారం, మందుగుండు అందించే 5 సహాయక నౌకలు కట్టాలి. ఒక్కోటి 44,000 టన్నులు. మొదటిదానికి 2024 ఏప్రిల్‌లో ఉక్కు కోత మొదలైంది. దాన్ని అప్పగించడానికి అనుకున్న ఏడాది 2027.