సూదులు సరే... ఆయన రిపోర్టు ఏదీ?

సంతానం కోసం ఆక్యుపంక్చర్ గడప తొక్కుతున్న షోలాపూర్ తెలుగింటి ఆడవాళ్లు

షోలాపూర్: పెళ్లయిన ఏడాదికే మొదలవుతుంది ఆ ప్రశ్న. నల్లా దగ్గర ఒకరు, బీడీ కార్ఖానాలో ఆకు తీసుకునేచోట ఒకరు, మార్కండేయ గుడి మెట్ల మీద ఇంకొకరు... ‘ఏమన్నా ఉందా?’ అంటారు. రెండో ఏడు అదే ప్రశ్న ‘ఇంకా ఏం లేదా?’ అవుతుంది. మూడో ఏటి నుంచి అడగడం మానేస్తారు. ఇది ఇంకా కష్టం. తొట్లెలో వేసే వేడుకకు పిలుపు ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. తరతరాలుగా షోలాపూర్ పూర్వభాగ్‌లో స్థిరపడిన మన తెలుగిళ్లలో ఈ వరస తెలియని ఆడమనిషి ఉండదు.

ఆ మూడో ఏటి తర్వాత తొక్కే గడపలు చాలానే ఉన్నాయి. మొక్కులు, తాయెత్తులు, నాటుమందు, ‘వంధ్యత్వ నివారణ కేంద్ర’ అని మరాఠీలో బోర్డు పెట్టిన దవాఖానాలు. ఈ జాబితాలోకి ఆక్యుపంక్చర్ కూడా చేరింది. మనవాళ్లు ‘సూదుల వైద్యం’ అంటున్నారు. మందులు మింగక్కర్లేదు, ఆపరేషన్ లేదు, లక్షలు పోయక్కర్లేదు అనే మాట ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది. మరి ఆ సూదులతో కడుపు పండుతుందా?

అరగంట విశ్రాంతి

వెళ్లినవాళ్లను మంచం మీద పడుకోబెడతారు. ఇంజెక్షన్ సూది కంటే ఎంతో సన్నగా ఉండే సూదులను ఒంటి మీద ఎంచిన చోట్ల గుచ్చుతారు. లోపలి వైపు చీలమండ నుంచి నాలుగు వేళ్లు కొలిచి ఒకటి, మోకాలి కింద ఒకటి, బొడ్డు కింద రెండు మూడు. వీటిలోంచి మందేమీ ఒంట్లోకి పోదు. కొందరు సూదులకు సన్నటి కరెంటు తగిలిస్తారు. అరగంట ఉంచి తీసేస్తారు. ఒంట్లో ప్రాణశక్తి కొన్ని దారుల్లో పారుతుందని, అది అడ్డుపడిన చోట సూది దారి తెరుస్తుందని పాత చైనా వైద్యం చెబుతుంది. నరాలు ప్రేరేపితమై నొప్పి తగ్గుతుందన్నది ఇప్పటి డాక్టర్లు చెప్పే వివరణ.

ఆమెకు 33 ఏళ్లు. పెళ్లయి తొమ్మిదేళ్లు. తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి మిల్లు పనికి వచ్చిన కుటుంబం. భర్త టవాళ్లు నేసే పవర్‌లూమ్ మీద పని చేస్తాడు. ఆమె ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. పేరు రాయొద్దంది. ‘పేరు రాస్తే రేపు నల్లా కాడికి ఎట్ల పోవాలె?’ అని అడిగింది.

ఎనిమిది నెలలు వారానికి రెండుసార్లు సూదులు పెట్టించుకుంది. పోయిన రోజు వెయ్యి బీడీలు కావు. ఫీజు ఒక ఎత్తు, తగ్గిన కూలీ ఇంకో ఎత్తు. అయినా మానలేదు. ఎందుకంటే, ‘ఆ అర్ధగంట నన్ను ఎవ్వరు ఏం అడగరు. లైటు బంద్ చేస్తరు, పండుకుంట. ఇంట్ల పగటిపూట పండుకుంటే ఏమైందని నలుగురొస్తరు’ అంది. పొద్దస్తమానం వంగి బీడీలు చుట్టడంతో పట్టేసిన మెడ, నడుము నొప్పి బాగా తగ్గాయట. నెల మాత్రం తప్పలేదు.

కోట్నిస్ పుట్టిన ఊరు

ఈ ఊళ్లో చైనా వైద్యం అనగానే చాలామందికి డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ గుర్తుకొస్తారు. 1910లో షోలాపూర్‌లో పుట్టి, 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన ఐదుగురు డాక్టర్ల బృందంలో చైనా వెళ్లి, యుద్ధంలో గాయపడ్డ సైనికులకు సేవ చేస్తూ 1942లో 32 ఏళ్లకే అక్కడే కన్నుమూశారు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారకం. అయితే ఆయన సర్జన్. చైనాలో చేసింది ఆపరేషన్లు. సూదుల వైద్యాన్ని మన దేశానికి తెచ్చింది ఆ ఐదుగురిలోనే ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు. తర్వాత మళ్లీ చైనా వెళ్లి నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. కోట్నిస్ బొమ్మ కనిపించినంత మాత్రాన అది ఆయన వైద్యం అనుకోనక్కర్లేదు.

ఆక్యుపంక్చర్ చట్టం లేని వైద్యమేమీ కాదు. పశ్చిమ బెంగాల్ 1996లోనే చట్టం చేసింది. మహారాష్ట్రకూ 2015 పేరుతో ఆక్యుపంక్చర్ చట్టం ఉంది. 2019లో కేంద్రం దీన్ని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. కానీ గుర్తింపు ఉందంటే అన్ని జబ్బులకూ పని చేస్తుందని కాదు కదా!

లెక్కలు ఏం చెబుతున్నాయి?

సూదులతో పిల్లలు పుడతారన్న ప్రచారం ఊపందుకున్నది 2002లో. జర్మనీలో టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి వచ్చిన 160 మంది ఆడవాళ్లలో సగం మందికి పిండాన్ని గర్భంలో పెట్టే ముందూ తర్వాతా సూదులు వేశారు. వారిలో 42.5 శాతం మందికి గర్భం వచ్చింది. సూదులు వేయనివారిలో 26.3 శాతం మందికే. ప్రపంచమంతా ఈ లెక్కనే చెప్పుకున్నారు. అందులో ఒక లోటుంది. రెండో సగానికి ఏమీ చేయలేదు. అంటే సూది మహిమా, ‘నాకేదో చేస్తున్నారు’ అనే నమ్మకం మహిమా తేలలేదు.

తర్వాత ఆ లోటూ పూడ్చారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది మీద జరిగిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. ఈసారి సగం మందికి నిజం సూదులు. మిగతా సగానికి చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదులు. ఎవరికి ఏది పెట్టారో వారికి చెప్పలేదు. చివరికి బిడ్డ చేతికొచ్చింది నిజం సూదులవారిలో 18.3 శాతం మందికి, ఉత్తుత్తి సూదులవారిలో 17.8 శాతం మందికి. తేడా లేనట్టే.

నెలసరి సరిగ్గా రాక, అండం విడుదల కాక పిల్లలు కానివారి సంగతి? దీన్ని పీసీఓఎస్ అంటారు. సూదుల వైద్యం పుట్టిన చైనాలోనే వెయ్యి మంది ఆడవాళ్ల మీద దీన్ని పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించారు. అండం విడుదలకు వాడే క్లోమిఫిన్ మాత్ర తీసుకున్నవారిలో వందకు దాదాపు 29 మందికి బిడ్డ పుట్టింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో సుమారు 15 మందికే. సూదులు నిజానివా, ఉత్తుత్తివా అన్నది ఏ గుంపులోనూ తేడా తేలేదు. ఈ సమస్యకు ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా ముందు రాసేది లెట్రోజోల్ మాత్ర.

కాబట్టి సూది బిడ్డనిస్తుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు. మనసు కుదుటపడడానికి, నొప్పికి పెట్టించుకుంటామంటే ఎవరూ కాదనరు. పిల్లల కోసం ఏళ్లపాటు తిరిగే ఆడమనిషికి మనశ్శాంతి చిన్న సంగతేం కాదు.

‘మొగోనికేం తక్కువ?’

ఆమె ఫైలు నాలుగు వేళ్ల మందం ఉంది. స్కానింగులు, థైరాయిడ్ పరీక్షలు, గర్భసంచి నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే, రక్త పరీక్షలు, మూడు దవాఖానాల చీటీలు. అన్నీ నార్మల్. ఆ ఫైల్లో భర్త పేరున్న కాగితం ఒక్కటీ కనిపించలేదు. డాక్టర్లు అడగక కాదు. రెండుచోట్ల రాసిచ్చారు కూడా. ‘మొగోనికేం తక్కువ? గట్టిగనే ఉన్నడు గద’ అని అత్త అడ్డం పడింది. ఆయనా సరేనన్నాడు. సూదుల దగ్గరికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎందుకంటే అక్కడ గుచ్చేది ఆమెనే!

పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. ఒళ్లు గట్టిగా ఉండడానికీ, వీర్యకణాల సంఖ్యకూ సంబంధం లేదు. సంసారం బాగానే సాగుతున్నా కణాలు తక్కువ ఉండొచ్చు. తంబాకు, బీడీ, సిగరెట్, మద్యం వాటిని దెబ్బతీస్తాయి. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బినా, చిన్నప్పుడు వృషణం కిందికి దిగకపోయినా, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చినా ఇబ్బందే. వేడి కూడా పడదు. వృషణాలు ఒంటికి బయట ఉన్నది అందుకే. ఆడవారి పరీక్షలన్నింటికంటే ముందు చేయాల్సిన, చవగ్గా అయ్యే పరీక్ష ఇదే. మన ఇళ్లలో మాత్రం చివరికి నెడుతున్నారు.

తొమ్మిదో ఏట ఆయన పరీక్ష చేయించుకున్నాడు. కణాలు తక్కువని తేలింది. ఒక్క రిపోర్టుతో నిర్ణయానికి రాకూడదు కాబట్టి మళ్లీ చేయించమన్నారు. తంబాకు మానమన్నారు. కొత్త కణాలు తయారై రావడానికి రెండున్నర నెలలకు పైగా పడుతుంది, అందుకని మూడు నెలల గడువిచ్చారు. ‘మొదటేడు చేపిస్తే అయిపోవు’ అంది ఆమె. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు.

వయసు ఆగదు

ఇక్కడ పోయేది డబ్బు కన్నా కాలం. ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టర్‌ను కలవాలి. ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే కలవాలి. ఆ వయసు తర్వాత అండాల సంఖ్య, నాణ్యత వేగంగా పడిపోతాయి. ముప్ఫై మూడేళ్లామె సూదుల కోసం ఎనిమిది నెలలు ఆగడం ఒక రకం, ముప్ఫై ఏడేళ్లామె ఆగడం ఇంకో రకం.

నాళాలు మూసుకుపోతే ఏ సూదీ తెరవలేదు. మన దేశంలో నాళాలు చెడడానికి పెద్ద కారణాల్లో క్షయ ఒకటి. టీబీ అంటే దగ్గే అనుకుంటాం. దగ్గు లేకుండా, జ్వరం లేకుండా గర్భసంచినీ, నాళాలనూ పట్టుకునే టీబీ ఉంది. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నా, గతంలో తమకు వచ్చి తగ్గినా ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. సిగ్గుపడి దాచేవాళ్లే ఎక్కువ.

సూదులు పెట్టించుకునేవారికి నాలుగు మాటలు. మహారాష్ట్ర చట్టం కింద నమోదు ఉందా అని అడగండి. ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపాలి, వాడిన సూది పారేయాలి. ఒకరి సూది ఇంకొకరికి వాడితే కామెర్ల వైరస్, హెచ్ఐవీ రావచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. నెల తప్పిన అనుమానం ఉంటే అదీ చెప్పండి. డాక్టర్ రాసిన మాత్రలు ఆపమనేవారి దగ్గర మాత్రం ఇంకో సిట్టింగ్‌కు కూర్చోవద్దు.

టెస్ట్‌ట్యూబ్ కేంద్రానికి వెళ్లేవారూ 2021 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవాలి. ఆ చట్టం ప్రకారం ఆడవారికి 50, మగవారికి 55 ఏళ్ల వరకే ఈ చికిత్స చేస్తారు.

ఇక మగవారి పరీక్ష సంగతి. కనీసం రెండు రోజులు, ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. ల్యాబులో ఇవ్వడానికి మొహమాటమైతే వారిచ్చిన డబ్బాలోనే ఇంట్లో తీసి, ఒంటికి ఆనించి పెట్టుకుని గంటలోపు చేర్చొచ్చు. మామూలు కండోమ్‌లో పట్టినది, సబ్బు తగిలినది పనికిరాదు. భార్య వెంట రానక్కర్లేదు.