బొర్రా చుట్టుపట్ల పల్లెలు

విశాఖపట్టణమున రైలెక్కి బొర్రా గుహలకు బోవువారు, గోస్తనీజలము సున్నపురాతిని తొలిచిన వింతను జూచి, లోపలి శివలింగమునకు మ్రొక్కి, సాయంకాలమునకు మరలుచున్నారు. ఆ గుహల ప్రక్కనున్న పల్లెలను గూర్చి మేమిచట నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అనంతగిరి మండలమున బొర్రా యడవి నంటి 14 పల్లెలున్నవి. కొండదొరలు మొదలగు గిరిజనులు తరతరములుగా ఈ కొండవాలులందు చోళ్లు, సామలు పండించుకొని బ్రదుకుచున్నారు. పొలముపనియందును, సంతబేరమునందును ఇచటి స్త్రీలు పురుషులకు దీసిపోరు.

ఈ నేలక్రింద అభ్రకము, కాల్సైటు ఉండుటయే వీరికి చిక్కు తెచ్చెను. గిరిజనప్రాంతపు భూమి గిరిజనేతరులకు బోరాదని 1959 నాటి నిబంధనయు, దాని 1970 నాటి సవరణయు శాసించుచున్నను, ప్రభుత్వము గనులను పరులకు కౌలుకిచ్చెను. నిమ్మలపాడు మొదలగు పల్లెలవారి పక్షమున 'సమత' యను సంస్థ న్యాయస్థానమున కెక్కెను. హైకోర్టున నోడియు వెనుదీయలేదు. తుదకు 1997 జూలై 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను: ఈ శాసనమునకు ప్రభుత్వమును కట్టుబడవలసినదే, అచట గిరిజనేతరులకు గనుల కౌలు చెల్లదు.

నేడీ ప్రాంతపు కొండలపై చెట్లనీడను కాఫీతోటలు, వానినడుమ మిరియపుతీగెలు పెరుగుచున్నవి. మనకు ఇల్లెట్టిదో ఆ తల్లులకు ఆ నేల యట్టిది. గుహలకు బోయినపుడు మీ బిడ్డలకు ఈ కథయు జెప్పుడు. దారిప్రక్క గిరిజనస్త్రీ యమ్ము పండ్లను గీచిగీచి బేరమాడక కొనుడు.