తీగ వెంట దిగివచ్చే ఎండ

పెంకుటింటి కప్పులో ఒక గాజు పెంకు పెడితే వంటింటికి పగలంతా వెలుగే. పది అంతస్తుల భవనం కింద సెల్లారుకు ఆ వీలు లేదు. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే. ఆ వేళకే డాబా మీద చదరపు మీటరుకు సుమారు 1,00,000 ల్యూమెన్ల వెలుతురు కురుస్తుంటుంది. రాసుకునే బల్లకు 500 చాలు.

ఆ వెలుతురును కిందికి దించే దారి ఆప్టికల్ ఫైబర్. తగిన కోణంలో దూరిన కాంతి పోగు అంచుకు తగిలిన ప్రతిసారీ లోపలికే మళ్లుతూ, పోగు ఎటు వంగితే అటు పోతుంది. దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. ఇంటర్నెట్ కేబుల్ పనిచేసేదీ ఇలాగే. అసలు చిక్కంతా పోగు మొన దగ్గరే. అంత సన్నని మొనలోకి ఎండను పట్టించాలంటే కటకంతో ఒకచోటికి చేర్చాలి. వెలుగుతో పాటు వేడీ చేరుతుంది. భూతద్దం కింద కాగితం అంటుకునేది అందుకే.

జపాన్‌లో కెయో విశ్వవిద్యాలయ ఆచార్యులు కెయ్ మోరి 1970ల చివర రూపొందించిన 'హిమవారి' యంత్రం ఈ చిక్కును కటకానికున్న లోపంతోనే విప్పింది. కటకం అన్ని రంగులనూ ఒకే బిందువు దగ్గర కలపలేదు. అతినీలలోహిత కిరణాలు కాస్త ముందే కలుస్తాయి, పరారుణ కిరణాలు కాస్త అవతల. కెమెరాలు చేసేవాళ్లకు ఇదొక తలనొప్పి. మోరి మాత్రం క్వార్ట్జ్ పోగు మొనను కంటికి కనిపించే వెలుగు కలిసే చోట నిలిపారు. పరారుణ కిరణాల్లో చాలా భాగం మొన చుట్టూ చెదిరి బయటే ఉండిపోతుంది. ఈ యంత్రంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న ఉపాయమిది. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి కటకాల పళ్లెం కూడా మోటారుతో అటే తిరుగుతుంటుంది.

ప్లాస్టిక్ పోగులు చవకే కానీ ఎరుపును ఎక్కువగా మింగేస్తాయి. 20 మీటర్లు పోయేసరికి ఎరుపులో దాదాపు సగం తగ్గి, వెలుగుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది.

మబ్బు పడితే ఏ పోగైనా ఒకటే. నలువైపుల నుంచీ చెదిరి వచ్చే వెలుగును ఏ కటకమూ చిన్న చుక్కగా కూర్చలేదు. కరెంటు బిల్లు ఒక్కటే లెక్కేస్తే సోలార్ పలక, బ్యాటరీ, ఎల్‌ఈడీ బల్బు నయం. అయినా కిటికీ లేని గదుల్లో రోజంతా పనిచేసేవాళ్లకు, ఆసుపత్రుల్లో మంచం పట్టినవాళ్లకు ఈ ఖర్చు దండగ కాదంటాను. మన దేహ గడియారాన్ని సరిచేసే రెటీనా కణాలు పగటి నీలి వెలుగుకే బాగా స్పందిస్తాయి మరి.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఎండనూ కరెంటునూ కలిపింది. ఫైబర్ వెలుగూ విద్యుద్దీపమూ ఒకే ఫిట్టింగులో ఉంటాయి. ఎండ తగ్గగానే సెన్సరు ఆ మేరకు దీపాన్ని పెంచుతుంది.