కృష్ణా డెల్టా పరిశ్రమలు, వర్తకము – రైతు భాగము

పంటలు పుష్కలముగా పండినంతమాత్రమున ఒక సీమ భాగ్యవంతమైనదని చెప్పరాదు. పండిన సరకు ఎచ్చట తయారగుచున్నది, ఎవరి చేతిమీదుగా అమ్ముడుపోవుచున్నది, లాభము ఎవరి యింట నిలుచుచున్నది అను మూడు సంగతులను గూడ విచారింపవలయును.

1832–33 నాటి నందన కరవులో గుంటూరు సీమ ప్రజలు అన్నము లేక వేనవేలుగా మడిసిరి. చెంతనే కృష్ణ యున్నను నీరు పొలముల కెక్కు మార్గము లేకుండెను. బెజవాడయొద్ద 1852లో ఆరంభించిన ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. దీనిక్రింద నేడు 12 లక్షల ఎకరములకు పైగా ఆయకట్టు కలదు.

పూర్వము మన వర్తకమునకు మచిలీపట్టణపు రేవు ముఖద్వారము. అద్దకపు బట్టలకై ఆంగ్లేయులు 1611లోనే అచ్చట కోఠీ నెలకొల్పిరి. ఆ అద్దకము పెడనలో నేటికిని జీవించియున్నది. 1893లో కృష్ణపై రైలు వంతెన వెలసిన పిమ్మట వర్తకము బెజవాడకు మరలెను. నూజివీడు మామిడి, దుగ్గిరాల పసుపు, కొండపల్లి బొమ్మలు ఎల్లెడల ప్రసిద్ధములే. అయినను డెల్టాకు ప్రాణము వరియే.

75 కిలోల ధాన్యపు బస్తాను మరపట్టించినచో సుమారు 50 కిలోల బియ్యము, 15 కిలోల ఊక, 5 కిలోల తవుడు వచ్చును. ఊక బాయిలరులకు వంటచెఱకు. తవుడునందు నూటికి 15 మొదలు 20 పాళ్లవఱకు నూనె యుండును. అది త్వరగా చెడును గనుక వెంటనే తీయవలయును. నూనె తీసిన తవుడు పశువులకు మేత. కళ్లములోనే ధాన్యమును అమ్మిన రైతు వీనియన్నింటి లాభమును విడుచుకొనుచున్నాడు. కోతలనాడు అందఱును ఒక్కమాఱే అమ్మజూచుటచే ధర పడుట వేఱొక నష్టము.

ఇట్టి చిక్కునే కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్రపు గోధుమ రైతులు ఎదుర్కొనిరి. వారు 1924లో సహకార గోధుమ సంఘమును స్థాపించి, తమ గోధుమ యంతయు ఐదేండ్లపాటు దానికే యిచ్చునట్లు ఒడంబడికలు వ్రాసిరి. సరకు తెచ్చిననాడు కొంత సొమ్ము, అమ్మకము ముగిసినపిదప మిగత సొమ్ము ముట్టుచుండెను. 1926లో రైతుల పాత కంపెనీయొక్క ధాన్యపు కొట్లను సంఘము కొనెను. అయితే 1929 పంటకు ముందుగా నిచ్చిన సొమ్ముకంటె తరువాత బజారు ధర తగ్గిపోవుటచే సంఘము అప్పులపాలై, ప్రభుత్వపు పూచీపై నిలువవలసివచ్చెను. 1996లో దాని వాటాలు బజారున అమ్మకమునకు వచ్చెను. రైతుల అధికారము సడలెను. వారి బలమును, పొరపాటును రెండును మనకు పాఠములే.

అంత దూరమేల? మన కృష్ణా పాల సమితియే ప్రత్యక్ష నిదర్శనము. పల్లెలోని సంఘము పాలు కొలిచి, వెన్నశాతమును బట్టి ధర కట్టును. ఆ పాలు విజయవాడలో నెయ్యిగను, పొడిగను మాఱును. మిగులులో కొంత బోనసుగా ఉత్పత్తిదారునికి చేరును. పాలయందు సాధ్యమైనది ధాన్యమునందు అసాధ్యమా?

కావున సంఘములు తొలుత చేయదగిన పనులు మూడు. ధాన్యమును ఆరబెట్టుటకు తగిన చోటు కల్పింపవలయును. తేమ 17 శాతము మించినచో ప్రభుత్వపు కొనుగోలున అంగీకరింపరు, నిలువయుంచుటకు 14 శాతమునకు దింపుట మేలు. రెండవది, గిడ్డంగి రసీదుపై అప్పు ఇప్పించినచో రైతు తొందరపడి అమ్ముకొనడు. ఆ అప్పు సరకు ధరలో కొంతభాగమునకే పరిమితమై యుండవలయును. మూడవది, నాలుగైదు సంఘములు కూడి మిల్లు పెట్టుట. సభ్యులు తమ ధాన్యమును తప్పక ఇత్తుమని ముందుగా మాట యియ్యనిదే మిల్లు కట్టరాదు. ధాన్యము చాలని మిల్లు సంఘమునకు భారమగును.

నీటిని పొలమున కెక్కించుటకు ఆనకట్ట కావలసివచ్చెను. లాభమును రైతుగడపకు మరల్చుటకు సభ్యుల యైకమత్యమే ఆనకట్ట.