ఆసు బాధ తీర్చిన శారాజీపేట యంత్రం

ఆలేరు: పోచంపల్లి పట్టుచీర సొగసు అందరికీ తెలిసినదే. దాని వెనుక నేతింటి ఇల్లాలి భుజం నొప్పి ఎందరికి తెలుసు? పోగుకు చిటికి కట్టి రంగు అద్దడానికి ముందు ఆసు పోయాలి. ఒక పక్క మేకు నుంచి, ఎదుట అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల దాకా దారాన్ని చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు చెయ్యి ఆడాల్సిందే.

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరవ తరగతితో చదువు మాని మగ్గమెక్కారు. తల్లి లక్ష్మి అవస్థ చూడలేక 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. అప్పులయ్యాయి. ఎగతాళి చేసినవారూ ఉన్నారు. హైదరాబాదులో కరెంటు పనికి కూలికి వెళుతూ, ఒక్కో భాగమే అమర్చుకుంటూ 1999లో పూర్తిచేశారు. తల్లి పేరిట ‘లక్ష్మీ ఆసుయంత్రం’ అని పేరు పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగుస్తోంది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

ఈ యంత్రం నొప్పినే తీసేసింది గాని పనిని తీసివేయలేదు. చిటికి కట్టడం, రంగులద్దడం, నేయడం నేటికీ నేతన్నల చేతిలోనే ఉన్నాయి. అయితే అదే డిజైను అచ్చువేసిన మిల్లు చీరలు చౌకగా సంతకు వస్తున్నాయి. మగ్గం ఆడితేనే ఆసుయంత్రం తిరుగుతుంది. పెళ్లికో పండుగకో చీర కొనేటప్పుడు చేనేతేనా అని ఒక్క మాట అడిగి కొంటే, అదే ఆ ఇళ్లకు అండ.